కెనడా సెక్యూరిటీస్ పరీక్షలు: ఫీజు కట్టే ముందు

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను పర్లాకిమిడిలో పదకొండేళ్లుగా మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌గా పనిచేస్తున్నాను. మీ చదువుల పేజీలో విదేశాల్లో సీట్ల గురించి తరచూ రాస్తారు. అక్కడికి వెళ్లాక ఉద్యోగం కోసం రాయాల్సిన పరీక్షల సంగతి మాత్రం ఎప్పుడూ కనిపించలేదు. ఆ లోటు మా ఇంటికే తగిలింది.

మా కోడలు బీకాం చదివింది. బ్రాంప్టన్‌లో ఒక బ్యాంకు బ్రాంచీలో కౌంటర్ పని చేస్తోంది. ఫండ్లు అమ్మే సీటుకు మారాలని ఆశ. 2026 ఫిబ్రవరిలో విశాఖలోని ఒక ఆన్‌లైన్ కోచింగ్ వాళ్లు, సీఎస్‌సీ (కెనడియన్ సెక్యూరిటీస్ కోర్సు), సీపీహెచ్ (బ్రోకరేజీ పనిలో నడవడిక నియమాల కోర్సు) పరీక్షలు రాస్తే ఏ బ్రోకరేజీ సంస్థలోనైనా అడ్వైజర్‌గా చేరవచ్చని చెప్పి నలభై రెండు వేలు కట్టించుకున్నారు.

చలికాలంలో ఇక్కడ రాత్రి ఎనిమిదైతే ఆమెకు ఉదయం తొమ్మిదిన్నర. "అత్తయ్యా, ఒకసారి చూడండి" అని కోచింగ్ వాళ్లిచ్చిన నోట్సు పంపింది. షేర్ల సెటిల్‌మెంటుకు, అంటే కొన్న షేర్లు, వాటి డబ్బు చేతులు మారడానికి, రెండు రోజులు పడుతుందని అందులో ఉంది. మన మార్కెట్ 2023 జనవరికే పూర్తిగా ఒక రోజుకు మారింది. కెనడా కూడా 2024 మే 27న మారింది. బ్రోకరేజీల మీద అజమాయిషీ చేసే ఐఐఆర్‌ఓసీ, ఫండ్లు అమ్మే సంస్థల మీద అజమాయిషీ చేసే ఎంఎఫ్‌డీఏ రెండు వేర్వేరు సంస్థలని ఇంకో పేజీలో రాశారు. 2023 జనవరి 1న ఆ రెండూ కలిసిపోయాయి, ఇప్పుడు దాని పేరు సీఐఆర్‌ఓ. అంటే అమ్మింది మూడేళ్ల నాటి సరుకు.

అసలు దెబ్బ ఇంకొకటి. 2026 జనవరి 1 నుంచి సీఐఆర్‌ఓ పరీక్షల పద్ధతే మార్చేసింది. బ్రోకరేజీలో మామూలు ఖాతాదారులకు సలహాలివ్వాలంటే ఇప్పుడు ముందు కెనడియన్ ఇన్వెస్ట్‌మెంట్ రెగ్యులేటరీ ఎగ్జామ్, తర్వాత రిటైల్ సెక్యూరిటీస్ ఎగ్జామ్ రాయాలి. దారి మారిన నెల తర్వాత పాత దారికి డబ్బు తీసుకున్నారు. ఎన్నిసార్లు అడిగినా తిరిగి ఇవ్వలేదు.

పైగా ఆమెకు ఆ దారే అక్కర్లేదు. బ్రాంచీలో ఫండ్లు మాత్రమే అమ్మడానికి ఐఎఫ్‌ఎస్‌ఈ అనే శిక్షణ సంస్థ వారి కెనడియన్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్స్ కోర్సు గానీ, సీఎస్‌ఐ అనే ఇంకో శిక్షణ సంస్థ వారి ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్స్ ఇన్ కెనడా గానీ ఒకటి చాలు. సీఎస్‌సీ కూడా చెల్లుతుంది కానీ దానికి వందేసి ప్రశ్నల పేపర్లు రెండు. ఇక్కడ నాకు ఫండ్లు అమ్మేవాళ్లకు పెట్టే ఎన్ఐఎస్ఎం ఫైవ్-ఎ పరీక్ష సరిపోయింది, డెరివేటివ్స్ పరీక్ష రాయమని ఎవరూ అనలేదు. ఆమె సంగతీ అలాంటిదే. జీవిత బీమా అమ్మాలంటే ఎల్ఎల్‌క్యూపీ అనే కోర్సు వేరే ఉంది.

పరీక్ష పాసైనంత మాత్రాన లైసెన్సు రాదు. చేరిన సంస్థ రిజిస్టర్ చేయించాలి. ముప్పై ఆరు నెలల్లో అది జరగకపోతే పాసైన పరీక్ష మామూలుగా చెల్లదు. కాబట్టి ముందు అడగాల్సింది కోచింగ్ వాళ్లను కాదు, ఉద్యోగం ఇచ్చే మేనేజర్‌ను: ఏ పని ఇస్తారు, దానికి ఏ పరీక్ష కావాలి అని. ఈ ముక్క ఆ నోట్సులో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆమె ఐఎఫ్‌ఎస్‌ఈ కోర్సు చదువుతోంది. ఇంగ్లిషులో చదివి నాకు తెలుగులో చెబుతుంది. చెప్పలేక ఆగిన చోట మళ్లీ చదువుతుంది. టీఎఫ్‌ఎస్‌ఏ (పన్ను పడని పొదుపు ఖాతా) దగ్గర చాలా తికమకపడింది. అందులోంచి తీసిన డబ్బు మేరకు మళ్లీ జమ చేసుకునే వీలు తర్వాతి జనవరి 1న తిరిగి వస్తుంది, రిటైర్మెంటు పొదుపు ఖాతా ఆర్‌ఆర్‌ఎస్‌పీలో మామూలుగా రాదు. మన పీపీఎఫ్‌తో పోల్చుకుంటే రెండూ తప్పుగా అర్థమవుతాయి. ఖాతాదారు వయసు, అవసరం, భయం చూసి ఫండు చెప్పమనే ప్రశ్నలు మాత్రం నేను రోజూ చేసే పనే కాబట్టి మా ఊరి ఉదాహరణలతోనే చెప్పాను.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో పిల్లలు ఒడియాలోనో ఇంగ్లిషులోనో చదివినా, పెద్దలు ఫీజు కట్టే ముందు చదివేది తెలుగు పత్రికే. ఏ ఉద్యోగానికి ఏ పరీక్షో మూడు నెలలకోసారి వాడుక తెలుగులో వేయండి. పైన తేదీ తప్పకుండా ఉంచండి. కావాలంటే మా కోడలు రాసుకున్న నోట్సు పంపుతాను. ఆమె పరీక్ష వచ్చే నెల, అది అయ్యాక.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా