మీటరు మార్చనివ్వకు బావా, ముందు ఆ స్విచ్ విప్పించు

అరే బావా,

నీ కారు మీటరు, అదే స్పీడు చూపించే డబ్బా, మాత్రం మార్చనివ్వకు. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నువ్వు సగం చదివి ఫోన్ పక్కన పడేసే రకం. మిగతాదంతా తీరిగ్గా చదువుకో, అవసరమైతే షాపతనికి కూడా చదివి వినిపించు, కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనీ.

హైవే పక్కన లారీ హారన్ల మధ్య నిలబడి నువ్వు ఫోన్‌లో చెప్పినదాంట్లో నాకు వినపడింది ఇది. చలికాలం మంచుకని ఫాగ్ ల్యాంపులు పెట్టించావు, వాటికి డ్యాష్‌బోర్డులో బయట కొన్న స్విచ్ ఒకటి బిగించారు, ఆ సాయంత్రం జడ్చర్ల నుంచి బయల్దేరితే కల్వకుర్తి దాటాక మీటరు లైటు పుటుక్కున ఆరిపోయింది. ఏసీ నాబ్‌ల దగ్గర, స్టీరియో బటన్ల దగ్గర కూడా చీకటే. హెడ్‌లైట్లకు ఏమీ కాలేదు. ల్యాంపులు బిగించిన షాపుకు పోతే అతను "మీటరు పోయింది సార్, కొత్తది వేయాలి" అన్నాడు. అంతే కదా?

మరి ముళ్లు తిరుగుతున్నాయి కదా! తాళం తిప్పగానే హ్యాండ్ బ్రేక్ గుర్తు, ఆయిల్ గుర్తు ఎర్రగా వస్తున్నాయని నువ్వే అన్నావు. ఇంక పోయిందేంది మీటరులో? ఆ గుర్తులకు కరెంటు వచ్చే దారి వేరు, రాత్రిపూట అంకెలు కనపడటానికి వెనక నుంచి వెలిగే లైటు దారి వేరు. నీ బండిలాంటి వాటిలో ఈ రెండోది పార్కింగ్ లైట్లతో పాటు వస్తుంది, లైట్ల స్విచ్ మొదటి మెట్టు తిప్పితేనే వెలుగుతుంది. మీటరు, ఏసీ నాబ్‌లు, స్టీరియో మూడూ ఒకే రాత్రి కలిసి మాట్లాడుకుని చచ్చిపోవు కదా బావా. మూడింటికీ కరెంటు తెచ్చే ఉమ్మడి దారి ఎక్కడో తెగింది, అంతే. పైగా మీటరు మారిస్తే కిలోమీటర్ల లెక్క మారుతుంది, రేపు బండి అమ్మబోతే కొనేవాడు "తిరిగిన లెక్క తగ్గించారు" అని అనుమానపడతాడు. కొన్ని బండ్లలో ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకుంటే ఇంజన్ స్టార్ట్ కానివ్వనిది) కూడా మీటరుతో ముడిపడి ఉంటుంది, మార్చాక అసలు ఇంజనే స్టార్ట్ కాకపోతే అదో కొత్త పరేషాన్.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు ఫోన్ పెట్టేసే ముందు ఊరికే అన్నట్టు రెండు మాటలు అన్నావు, నాకు రాత్రంతా అవే తిరిగాయి. ఒకటి, ఆ మొదటి సాయంత్రం పార్కింగ్ లైట్లు వేయగానే ఫాగ్ ల్యాంపులు వాటంతటవే వెలిగాయని, "ఇదేదో ఆటోమేటిక్, బాగుందిలే" అనుకున్నానని. రెండోది, ఇప్పుడు ఫాగ్ స్విచ్ నొక్కితే మాత్రం మీటరు లైటు వస్తుందని. దొంగ దొరికింది బావా అక్కడే.

అట్లాంటి స్విచ్ వెనక మామూలుగా మూడు పిన్నులు ఉంటాయి. ఒకటి బ్యాటరీ నుంచి కరెంటు వచ్చేది, రెండోది ల్యాంపులకు పోయేది, మూడోది ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌కు కలిసి ఉండే బండి ఇనుప బాడీకి పోయేది. స్విచ్‌లో చిన్న లైటు ఉంటుంది చూడు, అది ల్యాంపులకు పోయే పిన్నుకూ ఎర్త్‌కూ మధ్య ఉంటుంది, అందుకే స్విచ్ ఆన్ చేస్తేనే వెలుగుతుంది. చీకట్లో స్విచ్ ఎక్కడుందో కనపడాలంటే ఆన్ చేయకముందే వెలగాలి కదా. దానికి ఇంకో లైటు, ఇంకో పిన్ను ఉన్న స్విచ్‌లు వేరే వస్తాయి. నీకు పెట్టింది మూడు పిన్నులదే అయితే, దాన్ని కూడా రాత్రి వెలిగేలా చేద్దామని అతను మీటరు లైటు వైరును తెచ్చి ల్యాంపులకు పోయే పిన్నుకు అతికి ఉంటాడు. పని చేసినట్టే కనపడుతుంది. పార్కింగ్ వేస్తే స్విచ్ మెరుస్తుంది, నిజమే, కానీ ఆ కరెంటు స్విచ్ దగ్గరే ఆగుతుందా? కాలువకు గండి పడితే నీళ్లు ఎవరి పొలమని అడిగి పోతాయా, పల్లం ఎటుంటే అటే పోతాయి, ఇదీ అంతే, ఆ అతుకు మీదుగా ఫాగ్ ల్యాంపులకు పోయింది. నీ ఆటోమేటిక్ అదీ!

లెక్క చూడు. ఒక్కో ఫాగ్ బల్బు 55 వాట్లు, రెండు కలిపి 110. పన్నెండు వోల్టుల బండిలో అది 9 ఆంపియర్లకు పైమాటే. పార్కింగ్ బల్బులు, నంబర్ ప్లేటు లైటు, మీటరు లైటు అన్నీ కలిపి ఇంకో రెండు మూడు ఆంపియర్లు. ఆ దారికి సాధారణంగా ఉండేది 10 ఆంపియర్ల ఫ్యూజు. కొంచెమే ఎక్కువ లోడు కాబట్టి వెంటనే ఎగరదు, కాసేపు ఓర్చుకుని వేడెక్కి తర్వాత కాలిపోతుంది. కల్వకుర్తి దాకా ఎందుకు వెలిగిందో ఇప్పుడు అర్థమైందా? డైరెక్ట్ షార్ట్ అయి ఉంటే షాపు ముందే ఎగిరేది, అతను కూడా అప్పుడే పట్టుకునేవాడు.

ఫ్యూజు పోయాక కథ తిరగబడింది. ఫాగ్ స్విచ్ నొక్కితే బ్యాటరీ కరెంటు ల్యాంపుల పిన్నుకు వస్తుంది, అక్కడి నుంచి అదే అతుకు మీదుగా వెనక్కి మీటరు లైటులోకి పోతుంది. అందుకే ఫాగ్ వేస్తే మీటరు వెలుగుతుంది. మీటరు పోయిందని చెప్పినాయనకు ఇది ఒక్కసారి చూపించు, ఏమంటాడో నాకూ వినాలని ఉంది.

అన్నిటికంటే ముందు మాత్రం ఒక పని చెయ్యి, ఇది చదువుతూ ఉండగానే చేసినా సరే. పార్కింగ్ లైట్లు వేసి బండి వెనక్కి పోయి చూడు. ఎర్ర లైట్లు, నంబర్ ప్లేటు లైటు వెలుగుతున్నాయా? చాలా బండ్లలో మీటరు లైటూ వెనక లైట్లూ ఒకే ఫ్యూజు మీద ఉంటాయి. మీటరు చీకటైతే నీకు ఇబ్బంది, వెనక చీకటైతే నీ వెనక వచ్చే లారీకి నువ్వే కనపడవు. మా దిక్కు మిర్యాలగూడ రోడ్డులో సీజన్ వచ్చిందంటే వడ్లు నింపుకున్న ట్రాక్టర్లు వెనక ఒక్క లైటు లేకుండా మిల్లులకు పోతుంటాయి, దగ్గరికి వచ్చేదాకా కనపడవు, నాకైతే గుండె ఆగినంత పనవుతుంది. నువ్వు ఆ జాబితాలో చేరకు. బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి కదా అని ధైర్యం తెచ్చుకోకు, వాటి దారి వేరు.

ఇంకొకటి, చెబితే నవ్వుతావు. డిమ్మర్ చూశావా? మీటరు లైటు తగ్గించే చిన్న చక్రమో, మీటరు మీదే బటనో ఉంటుంది. డ్యాష్‌బోర్డులో చేతులు పెట్టి పని చేసేటప్పుడు అది తగిలి మొత్తం కిందికి తిరిగిపోతుంది, బండి ఓనర్లు దానికి షాపులన్నీ తిరుగుతారు. నీది అది కాదని నాకు నమ్మకమే, అయినా ఒకసారి తిప్పి చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఇక ఫ్యూజు. స్టీరింగ్ కిందో గ్లవ్ బాక్స్ వెనకో ఉన్న డబ్బా మూత మీద బొమ్మ ఉంటుంది. టెయిల్ అనో ఇల్యూమినేషన్ అనో రాసి ఉన్నది తీసి వెలుతురుకు పెట్టి చూడు, మధ్యలో తీగ తెగి ఉంటుంది. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. ఎరుపు పోతే ఎరుపే వెయ్యి. "మళ్లీ మళ్లీ పోతుంది, పెద్దది వేస్తా" అని ఎవడైనా అంటే దండం పెట్టి బండి తీసుకుని వచ్చెయ్. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి, పెద్దది వేస్తే అది కాలదు, వైరు కాలుతుంది. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టే మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్ల గురించి రాస్తే నాకు బీపీ పెరుగుతుంది, వద్దులే.

కొత్త ఫ్యూజు వేసే ముందు స్విచ్ వెనక వైర్లు, ఆ అతుకుతో సహా, విప్పించు. తర్వాత ఫ్యూజు పెట్టి పార్కింగ్ వేసి చూస్తే మీటరు వెలిగిందనుకో, ఫాగ్ ల్యాంపులు వెలగలేదనుకో, నేను చెప్పిందే. స్విచ్ విప్పినా ఫ్యూజు పోతుంటే మాత్రం ప్యానెల్ మళ్లీ బిగించేటప్పుడు ఏదో వైరు స్క్రూ కింద నలిగి బాడీకి తగులుతున్నట్టు, ప్యానెల్ విప్పి చూడాలి. బ్యాటరీ నెగటివ్ తీసేసి చేయమను. పసుపు రంగు కప్లర్లు కనపడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి టెస్ట్ ల్యాంపు కూడా పెట్టనివ్వకు.

ఎర్త్ సంగతి విడిగా చెప్పాలి, ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. కొన్ని బండ్లలో డిమ్మర్ పాజిటివ్ వైపు కాకుండా ఎర్త్ వైపు ఉంటుంది. అంటే మీటరు లైటు నుంచి బయటికి వచ్చే వైరు నేరుగా బాడీకి పోదు, డిమ్మర్ గుండా పోతుంది. నల్లగా ఉంది కదా అని స్విచ్ ఎర్త్‌ను దానికి కలిపారంటే, డిమ్మర్ ఫుల్‌లో ఉన్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది, తగ్గించగానే స్విచ్ లైటూ మీటరు లైటూ ఒకదాన్ని చూసి ఒకటి తగ్గుతూ పెరుగుతూ పిచ్చి వేషాలు వేస్తాయి. అదే వైరును ఎవరైనా బాడీకి బిగిస్తే డిమ్మర్ పనే చేయదు, ఎప్పుడూ ఫుల్ వెలుతురే. కాబట్టి రంగు చూసి నమ్మొద్దు. రెండు మూడు వందలకు మల్టీమీటర్ (వోల్టులు కొలిచేది) వస్తుంది, ఒకటి కొని పెట్టుకో. 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల ముల్లు రంగు లేని ఇనుముకు ఆనించి, ఎర్రది వైరుకు పెట్టు. పార్కింగ్ వేస్తే 12 వచ్చి, ఆపితే సున్నా అయితే అది మీటరు లైటు పాజిటివ్. పార్కింగ్ వేసి డిమ్మర్ తిప్పుతుంటే అంకె మారిందా, అది ఏదైనా కావచ్చు గానీ ఎర్త్ మాత్రం కాదు. స్విచ్ ఎర్త్ నేరుగా బాడీకి, గీకి శుభ్రం చేసిన చోట, బోల్టు కింద రింగు పెట్టి బిగించాలి.

మా తమ్ముడి కొత్త బండిలో ఈ లెక్కలు కొన్ని పనిచేయవులే. అందులో కరెంటును చకచకా ఆపి వదులుతూ వెలుతురు తగ్గిస్తుంది, మల్టీమీటర్ పెడితే ఆరో ఏడో చూపిస్తుంది, అది లోపం కాదు. అట్లాంటి బండిలో వైరు కోసి అతుకులు వేయడమే తప్పు. నీది పాతది, అదృష్టవంతుడివి.

ఇప్పుడు దాన్ని సరిగ్గా ఎట్లా చేయించాలో కూడా చెప్తా. రిలే పెట్టారా అని అడిగితే "అదేంటి" అన్నావు, అంటే పెట్టలేదు. చిన్న కరెంటుతో నడుస్తూ పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే చిన్న డబ్బా అది. తొమ్మిది ఆంపియర్లకు పైగా కరెంటు ఆ చిన్న ప్లాస్టిక్ స్విచ్ గుండా పోతున్నదన్నమాట, ఒక అరగంట వేసి స్విచ్ ముట్టుకుని చూడు వెచ్చగా ఉంటుంది. రిలే మీద నంబర్లు ఉంటాయి. 30కి బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో లావు వైరు, 87 నుంచి ల్యాంపులకు, 85 ఎర్త్‌కు, 86కు స్విచ్ నుంచి సన్న వైరు. స్విచ్ మీద అప్పుడు రిలే కాయిల్ లోడు ఒక్కటే, ఒక ఆంపియర్‌లో చిన్న వంతు. రాత్రి స్విచ్ కనపడాల్సిందే అంటే ఆ లైటుకు వేరే పిన్ను ఉన్న స్విచ్ కొను. నన్నడిగితే మీటరు లైటు వైరును ముట్టుకోకుండా వదిలెయ్, స్విచ్ ఎక్కడుందో నీ వేలికి వారంలో అలవాటవుతుంది.

అతుకులు మాత్రం మెలేసి టేపు చుట్టి వదలనివ్వకు. మన దగ్గర మే నెల ఎండలో నిలబెట్టిన బండి లోపల టేపు జిగురు కారిపోయి అతుకు బయటపడుతుంది, అప్పుడు ఈ కథంతా మళ్లీ మొదటికి. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని అతుకును పట్టేసే గొట్టం) వేయమను, లేదా మంచి క్రింప్ (నొక్కి బిగించే లోహపు క్లిప్పు) వేయమను.

ఈ ఆదివారం దేవరకొండ దాకా పనిమీద వస్తున్నా. నువ్వు పగటిపూట బయల్దేరి అక్కడికి వస్తే మనమే విప్పుదాం, సోల్డరింగ్ ఐరన్, ఫ్యూజులు నేను తెస్తా, రిలే కూడా నల్లగొండలోనే కొనుక్కొస్తా. రాకముందు స్విచ్ వెనక పిన్నులు కనపడేలా ఫ్లాష్ వేసి ఒక ఫోటో పంపు, మూడు పిన్నులో ఇంకా ఎక్కువో తేలిపోతుంది. చెల్లెను అడిగినట్టు చెప్పు, పోయినసారి పంపిన సకినాలు రెండు రోజులు కూడా ఆగలేదని కూడా చెప్పు.

నీ దోస్తు,
నల్లగొండ నుంచి