ఊడిన సుత్తి తల, పచ్చికర్ర కామ: తయారీ కంపెనీకి ఫిర్యాదు లేఖ

బొబ్బిలి,
విజయనగరం జిల్లా.

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ అర కిలో క్లా హ్యామర్ తల ఊడిపోవడం, బదులుగా పంపిన కామ కూడా పనికిరాకపోవడం, "రాత్రంతా నీళ్లలో నానబెట్టండి" అనే మీ సూచనను రద్దు చేయవలసిందిగా కోరడం.

అయ్యా,

మీ కంపెనీ చెక్క కామ క్లా హ్యామర్‌ను ఆగస్టు నెలలో విజయనగరంలోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో కొన్నాను. వానలున్నన్నాళ్లూ బిగువుగానే ఉంది. సంక్రాంతి దాటి పొడిగాలులు మొదలయ్యాక తల కొద్దికొద్దిగా కదలసాగింది. ఫిబ్రవరిలో పాత మంచం కోడును పట్టె నుంచి విడగొడుతుండగా తల పూర్తిగా ఊడింది. ఎదుటి గోడకు తగిలి, అరుగు మీద కూర్చుని చదువుకుంటున్న మా మేనకోడలి పక్కన పడింది. పిల్లకు తగల్లేదు. తగిలి ఉంటే ఈ ఉత్తరం మీకు కాకుండా పోలీసు స్టేషనుకు వెళ్లేది.

వెంటనే మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తల మళ్లీ కామకు తొడిగి, రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచితే బిగిసిపోతుందని చెప్పింది. సుత్తితోపాటు మీరిచ్చే కాగితంలోనూ అదే వాక్యం ఉంది. అంటే అది ఒక ఉద్యోగి నోటికి వచ్చిన మాట కాదు, మీ కంపెనీ అధికారిక సలహా. నేను ఈ ఉత్తరం రాయడానికి తల ఊడడం ఒక కారణమైతే, ఆ వాక్యం అంతకన్నా పెద్ద కారణం.

నీళ్లలో పెడితే కర్ర ఉబ్బుతుంది, నిజమే. కానీ తలలో కామ దూరే బెజ్జం చుట్టూ ఉన్న ఉక్కు ఒక్క వెంట్రుకవాసి కూడా చోటివ్వదు. ఉబ్బే కర్రకు వెళ్లే దారి లేక దాని లోపలి కణాలు నలుగుతాయి. మర్నాడు పొద్దున్న సుత్తి గట్టిగానే కనిపిస్తుంది. నాలుగు రోజుల్లో నీరు ఆరిపోయాక, ఒకసారి నలిగిన కర్ర పాత కొలతకు తిరిగి రాదు, అంతకన్నా సన్నబడుతుంది. తల ముందుకన్నా ఎక్కువ వదులవుతుంది. మళ్లీ నానబెడితే మళ్లీ నలుగుతుంది. ఈలోగా బెజ్జం లోపల తేమ నిలిచి ఇనుము తుప్పుపడుతుంది, కర్ర మెత్తబడుతుంది. మొదటి రోజు బిగువు చూసి ధైర్యంగా ఎత్తికొట్టిన మనిషికి ఆ తల ఎప్పుడు ఊడుతుందో తెలియదు. మీ సలహా వల్ల లోపం పోదు, కొన్నాళ్లు కంటికి కనబడకుండా ఉంటుంది, అంతే. అందుకే నేను నానబెట్టలేదు, కామ మార్చి ఇమ్మని అడిగాను.

ఇంటి వెనక సావిడిలో నాకు చిన్న పనిచోటు ఉంది. పీటలు, బల్లలు, కిటికీ రెక్కలు బాగుచేసుకుంటాను. ఇరుగుపొరుగువాళ్లు తెచ్చే పారలకు, గొడ్డళ్లకు కామలు వేసిపెడతాను. కాబట్టి ఊడిన మీ కామను అవతల పారేయకుండా శ్రద్ధగా పరిశీలించాను. ఫోటోలు జతచేశాను. దయచేసి మీ తయారీ విభాగానికి చూపించండి.

బెజ్జంలో ఉండే భాగం మీద ఇనుము ఒరుసుకున్న నల్లటి గుర్తు పై అంచున ఒక చార, కింది అంచున ఒక చార మాత్రమే ఉంది. మధ్యలో కర్ర అసలు ఉక్కును తాకనే లేదు. చీల కోసం కోసిన రంపపు గాటు వేలి గోరంత లోతు కూడా లేదు. అందులో ఒకే ఒక్క చిన్న ఇనప చీల దిగ్గొట్టారు. సుత్తి బెజ్జం మధ్యలో సన్నగా, రెండు మూతుల దగ్గర వెడల్పుగా ఉండేది ఎందుకు? కామ కింది నుంచి బిగువుగా ఎక్కాలి, పైన చీల దిగి కర్రను రెండు పక్కలకూ తెరవాలి, అప్పుడు తల పైకీ పోదు, కిందికీ జారదు. దానికి గాటు బెజ్జం లోతులో మూడింట రెండు వంతులైనా ఉండాలి. మీ గాటు అంత పైనే ఆగిపోతే చీల తెరిచింది కామ నెత్తిని మాత్రమే.

తర్వాత కామ మీది రంగు గీకాను. మీరు కామంతా దట్టంగా ఎర్ర రంగు వేసి, దాని మీద వార్నిష్ పట్టించారు. గీకితే కింద కర్ర నార కామ పొడవునా సాగకుండా మధ్యలోనే వాలుగా పక్కకు తేలిపోయి ఉంది. కామ కొస చూస్తే చెట్టు పెరుగుదల వలయాల గీతలు అడ్డంగా ఉన్నాయి. దెబ్బ కొట్టే ముఖం నుంచి మేకులు పీకే కొమ్ముల వైపు, అంటే దెబ్బ పడే దిశలో, ఆ గీతలు సాగాలని పారకు కామ వేసే కుర్రాడికి కూడా తెలుసు. నార వాలుగా తెగిన చోటే కామ ఏదో ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. ఆ రంగు లేకపోతే నేను దుకాణంలోనే గీతలు చూసి ఇంకో సుత్తి ఏరుకునేవాణ్ణి. కొనేవాడి కళ్లకు అడ్డంగా రంగు పూయడం నన్ను నిజంగా బాధించింది.

ఇక మీరు బదులుగా పంపిన కామ సంగతి. దానికి డబ్బులు, కొరియర్ ఖర్చు రెండూ నా దగ్గరే తీసుకున్నారు. విప్పగానే చేతికి చల్లగా, బరువుగా తగిలింది. దాన్ని మా వీధి చివర వడ్రంగం చేసే పెద్దాయనకు చూపించాను. ఆయన చెవి దగ్గర పెట్టుకుని వేలి మెటికతో కొట్టి చూసి, "ఇది ఇంకా పచ్చిగానే ఉంది బాబూ. పైన రంగేసి కప్పేసినారు" అన్నారు. సరుగుడు కావచ్చని ఆయన అనుమానం. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా మా పక్క జిల్లా శ్రీకాకుళం తీరపు ఇసుక నేలల్లో సరుగుడు తోటలు ఉన్నాయి కాబట్టి ఆ కర్ర మాకు కొత్త కాదు. గట్టిదే, కానీ ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. అది సరుగుడో, నీలగిరో, మరొకటో తేల్చాల్సింది మీరే, ఎందుకంటే కర్ర పేరు మీ అట్ట మీద ఎక్కడా లేదు.

మాటతో సరిపెట్టడం ఇష్టంలేక, రంగు గీకేసి, ఆ కామను కిరాణా కొట్టు కాటా మీద తూచి, అటక మీద నీడలో ఉంచాను. కొన్ని వారాల తర్వాత అదే కాటా మీద తూస్తే దాదాపు పదో వంతు బరువు తగ్గింది. పోయిన బరువంతా నీరే. కర్రలో తేమ సుమారు 30 శాతం కిందికి దిగినప్పటి నుంచి అది కుంచించుకుపోవడం మొదలవుతుంది. నిలువున కుదింపు దాదాపు లేనట్టే. అడ్డంగా మాత్రం బాగా ఉంటుంది, వలయాల వెంట అయితే వలయాలకు అడ్డంగా జరిగేదానికి దాదాపు రెట్టింపు. నూటికి రెండున్నర పాళ్లు తగ్గినా 25 మిల్లీమీటర్ల బెజ్జంలో అర మిల్లీమీటరుకు పైగా ఖాళీ వస్తుంది. అర కిలో తల ఊడడానికి అంత ఖాళీ చాలు. ఆగస్టులో బిగువుగా ఉన్న నా సుత్తి ఫిబ్రవరిలో ఎందుకు ఊడిందో మీకు ఇందులోనే తెలుస్తుంది. సుత్తిని ఎండలో ఉంచి ఉంటారని మీ ఈమెయిల్‌లో రాశారు. నా సుత్తి సావిడిలో నీడన గోడకు వేలాడుతుంది. అయినా విజయనగరం జిల్లాలో అమ్మే పనిముట్టు ఇక్కడి వానకూ ఎండకూ తట్టుకోవాలి కదా? కర్రను ఆరబెట్టే పని ఫ్యాక్టరీలో జరగాలి. అది జరగకుండా కామ బిగిస్తే, అది కొన్నవాడి ఇంట్లోనే ఆరుతుంది.

మాది బొబ్బిలి. పక్కనే గొల్లపల్లిలో పనస మానుతో వీణలు చెక్కే కుటుంబాలున్నాయి. ఆరని మాను మీద వాళ్లు ఉలి పెట్టరు. కర్ర ఆరడానికి పట్టే కాలం పనిలో భాగమేనని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

మీ రెండో కామలో ఇంకో లోపం కూడా ఉంది. అది బెజ్జంలోకి చేత్తో తోస్తేనే జారిపోయేంత సన్నగా ఉంది. చీల ఎంత పెద్దది కొట్టినా కింద వదులుగా ఉన్న కామను అది బిగించలేదు. కామ ఎప్పుడూ బెజ్జం కన్నా కాస్త లావుగా రావాలి. దాన్ని ఆకురాయితో కొంచెం కొంచెం తగ్గిస్తూ, తొడిగి తీస్తూ, ఇనుము గుర్తు పడిన చోటే గీకుతూ కూర్చోబెట్టుకోవాలి. సన్నగా వచ్చిన కామకు చేయగలిగింది ఏమీ లేదు, పొయ్యిలో పెట్టడం తప్ప.

చివరికి ఆ పెద్దాయన దగ్గర ఉన్న పాత ఎడ్లబండి చక్రం ఆకు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. నల్లతుమ్మ. ఏళ్ల తరబడి కప్పు కింద ఆరింది. దాన్ని రంపంతో కోయకుండా గొడ్డలితో చీల్చాను. అలా చీలిస్తే కర్ర తన నార వెంటే విడిపోతుంది, కామ ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగని నారతో వస్తుంది. బాడిసతో చెక్కి, గాజు పెంకుతో నున్నగా గీకి, మీ తలకే తొడిగాను. సుత్తిని తల కిందికి ఉండేలా గాలిలో పట్టుకుని, కామ అడుగును చెక్క కొడతితో కొడితే తల తన బరువుతో కదలకుండా నిలుస్తుంది, కామే లోపలికి దిగుతుంది. నేలకేసి బాదడం కన్నా ఇది ఎంతో మేలు. బాగా ఆరిన తుమ్మతోనే చెక్క చీల చేసి, ముఖం నుంచి కొమ్ముల వైపు సాగే గాటులో దించాను. దానికి ఏటవాలుగా ఒక ఇనప చీల కొట్టాను. పైన 3 మిల్లీమీటర్ల కామ మిగిల్చి కోశాను. నెత్తిన, అడుగున ఉన్న కొసలే తేమను ఎక్కువ పీల్చుకుంటాయి కాబట్టి అక్కడ అవిసె నూనె ఇంక తాగదనేదాకా పట్టించాను. మిగతా కామకు పల్చగా రాసి తుడిచేశాను. వార్నిష్ వేయలేదు. వార్నిష్ కామ చేతికి జారుతుంది, చెమట పడితే మరీను.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఈ పనిలో ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు. కావాల్సింది ఆరిన కర్ర, సరైన నార, లోతైన గాటు. మీ సుత్తి తల నిజంగా మంచిది. ముఖం మీద ఇంతవరకు ఒక్క సొట్ట లేదు, అంచు రాలలేదు, కొమ్ములు సన్న మేకును కూడా పట్టుకుంటాయి. ఉక్కు మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు కామ మీద పెట్టకపోవడం నాకు అర్థం కాలేదు. తల బాగున్నకొద్దీ మనిషి ధైర్యంగా కొడతాడు, అప్పుడు కామ లోపం మరింత ప్రమాదం.

నేను కోరేది ఇది. రెండో కామ ధర, కొరియర్ ఖర్చు, సుత్తి ధరలో కామకు తగిన భాగం తిరిగి ఇవ్వండి. తల నా దగ్గరే ఉంచుకుంటాను, దానికి డబ్బు అడగను. అంతకన్నా ముఖ్యంగా, నానబెట్టమన్న వాక్యాన్ని మీ కాగితం నుంచీ, కస్టమర్ కేర్ వాళ్లు చదివే సమాధానాల నుంచీ తీసేయండి. దాని స్థానంలో, తల కదిలితే వెంటనే పని ఆపమని, చీల మళ్లీ దించమని, వీలుకాకపోతే కామ మార్చమని రాయండి. నూనె గురించి రాసేటట్లయితే ఇంకొక మాట కూడా చేర్చండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని విప్పి ఆరుబయట ఆరేయాలి. కొత్తగా పని నేర్చుకునే పిల్లలు మీ కాగితం చదివే మొదలుపెడతారు.

కామలకు రంగు వేయడం మానేయండి. కొసకు గుర్తు కోసం ఒక పట్టీ వేసుకోండి, మిగతా కర్రను కొనేవాళ్లను చూడనివ్వండి. కర్ర పేరు, బెజ్జం కొలత అట్ట మీద అచ్చు వేయండి. విడిగా అమ్మే కామతో గాటు, చీలలు కలిపి ఇవ్వండి. మన దేశంలో ఉక్కు సుత్తులకు ఐఎస్ 841, చెక్క కామలకు ఐఎస్ 620 అనే ప్రమాణాలు ఉన్నాయి. మీ కామలు వాటి ప్రకారం తయారవుతున్నాయో లేదో రాతపూర్వకంగా తెలియజేయండి.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. లోపమున్న వస్తువు వల్ల జరిగే హానికి తయారీదారు బాధ్యత గురించి ఆ చట్టంలో ప్రత్యేక అధ్యాయమే ఉంది.

కొనుగోలు బిల్లు, కొరియర్ రసీదు, మీ ఈమెయిల్ నకలు, ఊడిన కామ ఫోటోలు ఈ ఉత్తరంతో జతచేశాను. రెండు కామలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ ప్రతినిధి వచ్చి చూస్తానంటే ముందురోజు ఫోన్ చేసి రావచ్చు, ఆదివారాలు రోజంతా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ సుత్తి కొన్న వినియోగదారుడు,
బొబ్బిలి.