ముర్రుపాలు అందని గొర్రెపిల్లల లెక్క ఎవరు రాస్తారు?

సంపాదకులకు,

2019 నాటి 20వ పశుగణన ప్రకారం తెలంగాణలో కోటీ 90 లక్షలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు కోటీ 76 లక్షల గొర్రెలు ఉన్నాయి. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువారివే. కానీ పుట్టిన పిల్లల్లో ఎన్ని మూడు నెలలు దాటి బతికాయో మందల వారీగా రాసిపెట్టిన లెక్క, పాలమూరు పల్లెల్లో ముప్పై ఏళ్లు పశువైద్య సహాయకుడిగా తిరిగిన నాకు, ఒక్కచోట కూడా కనబడలేదు. 2017లో తెలంగాణలో మొదలైన పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక విత్తనపు పొట్టేలు ఇచ్చారు. వాటి పిల్లలు నిలిస్తేనే కదా అది మంద అయ్యేది!

గొర్రెపిల్ల పుట్టేనాటికి దాని ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి దాదాపు ఉండదు. తల్లి రక్తంలోని యాంటీబాడీలు మాయ దాటి పిల్లకు చేరవు, ముర్రుపాల ద్వారానే అందాలి. పిల్ల పేగులకు వాటిని ఉన్నవి ఉన్నట్టుగా పీల్చుకునే గుణం గంటగంటకూ తగ్గి, 24 గంటలు గడిచేసరికి దాదాపు పోతుంది. అందుకే మొదటి రెండు గంటల్లో కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, తొలి రోజంతా కలిపి కిలోకు 200 మిల్లీలీటర్ల చొప్పున తాగించాలని నిపుణులు చెబుతారు. అంటే మూడు కిలోల నెల్లూరు జాతి పిల్లకు విడతలవారీగా 600 మిల్లీలీటర్లు అన్నమాట.

ఒక పుష్యమాసపు తెల్లవారుజామున కురుమల దొడ్డికి పిలిస్తే వెళ్లాను. మాయ పడేదాకా పాలు తాగనివ్వకూడదన్న నమ్మకంతో రాత్రంతా రెండు పిల్లలను గంప కింద మూసి ఉంచారు. ఒకటి అప్పటికే చనిపోయింది. రెండోదాని నోట్లో వేలు పెడితే లోపల చల్లగా తగిలింది. ఆ ఇంటి పెద్దామె ఉగ్గుగిన్నెతో పాలు పోయబోతుంటే, "ఆగు పెద్దమ్మా, ఇది మింగలేదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అని ఆపాను. గొంగడిలో చుట్టి, పక్కన వేడినీళ్ల సీసా పెట్టి చాలాసేపు కాచుకున్నాక అది నా వేలు చీకింది. అప్పుడు తల్లి రొమ్ము అందించాం. ఆ పిల్ల బతికింది. దానికి మందులేవీ వాడలేదు.

నిజానికి ఈ నష్టం పుట్టుకకు ముందే మొదలవుతుంది. గొర్రె చూడి సుమారు 150 రోజులు, కడుపులోని పిల్ల ఎదుగుదలలో 70 శాతం దాకా చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. సరిగ్గా ఆ రోజుల్లో మన చూడి గొర్రెలు కోసిన చేలల్లో మోళ్లు కొరుకుతూ ఉంటాయి. రోజుకు పావుకిలో దాణా పెట్టినా పిల్ల బరువుగా పుడుతుంది, తల్లికి పాలూ పడతాయి. పేగుల్లో విషం పుట్టి గొర్రెలను హఠాత్తుగా చంపే చిటుకు రోగానికి టీకా ఈనడానికి నెల ముందు వేస్తే ఆ రక్షణ ముర్రుపాలలో పిల్లకు దిగుతుంది. మన టీకాల షెడ్యూలు మాత్రం తొలకరికి ముందు ఒకసారి వేసి ముగిసిపోతుంది, చలికాలంలో ఈనే గొర్రెలను లెక్కలోకి తీసుకోదు. ఇక మూడో వారం నుంచి పిల్లలకు విడిగా కాస్త దాణా, లేత మేత అలవాటు చేస్తే పొట్ట త్వరగా మేతకు సిద్ధమవుతుంది.

రాజస్థాన్‌లోని అవికానగర్‌లో 1962లో స్థాపించిన కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ, నెల్లూరు జాతిపై పనిచేసే పలమనేరు పశు పరిశోధన స్థానం వంటి చోట్ల పిల్లలను పుట్టినప్పుడు, మూడు నెలలకు, ఆరు నెలలకు తూచి రాస్తారు. అదే పద్ధతిలో గొర్రెల పెంపకందార్ల సంఘాలకు ఒక్కో పుస్తకం ఇచ్చి, పుట్టిన పిల్లలనూ చనిపోయినవాటినీ కారణంతో సహా రాయించాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాను. దొడ్డిలో పిల్లలను సాకేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి ముర్రుపాల శిక్షణ ముందుగా వారికే ఇవ్వాలి. మా వైపు ఈతలు కార్తీకం నుంచి జోరందుకుంటాయి, ఆ టీకాలూ శిక్షణా దసరాలోపే పూర్తికావాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్య సహాయకుడు,
మహబూబ్‌నగర్ జిల్లా