మార్కులు వేయని స్లిప్ టెస్టు

సంపాదకులు గారికి,

అయ్యా,

ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. గంటలైతే లెక్కకు వస్తున్నాయి గానీ, పిల్లలు ఎలా నేర్చుకుంటారనే దానిపై జరిగిన పరిశోధన మా తరగతి గదుల దాకా వస్తున్నది తక్కువ. ఈమధ్య నేను హాజరైన ఒక శిక్షణలో, చదివినదే మళ్లీ మళ్లీ చదివితే నిలవదనీ, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటేనే నిలుస్తుందనీ చెప్పే స్లైడును రిసోర్స్ పర్సన్ గారు మాకు రెండుసార్లు చదివి వినిపించారు.

మాట మాత్రం నిజమే. 2006లో అమెరికాకు చెందిన రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒకే పాఠ్యభాగాన్ని కొందరు విద్యార్థుల చేత నాలుగు విడతలు చదివించారు. మరికొందరి చేత ఒక్క విడత చదివించి, మిగిలిన మూడు విడతలూ చూడకుండా గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవారిదే పైచేయి. వారం గడిచాక చూస్తే చదివినవారికి గుర్తున్నది 40 శాతం, రాసినవారికి 61 శాతం.

మన పంతుళ్లు పాఠం ఒప్పజెప్పించుకున్నదీ ఇందుకే కదా అనిపించవచ్చు. కొంతవరకు అంతే. కానీ పదమూడో ఎక్కం గడగడా ఒప్పజెప్పే పిల్లవాణ్ని పదమూడు ఎనిమిదులెంత అని అడిగితే, పదమూడు ఒకట్ల నుంచి అందుకుంటాడు. వరుస తప్పిస్తే జవాబు దొరకదు.

గణితంలో ఈ వరుస జబ్బు మరీ ఎక్కువ. శంకువు అభ్యాసంలో అన్నీ శంకువు లెక్కలే ఉంటాయి కనుక ఏ సూత్రం వాడాలో విద్యార్థి ఆలోచించనక్కర్లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో రోరర్ అనే పరిశోధకుడి బృందం ఏడో తరగతికి చెందిన 54 సెక్షన్లలో దీన్నే పరీక్షించి 2020లో ప్రకటించింది. వేర్వేరు రకాల లెక్కలు కలిపి చేసినవారికి, నెల తర్వాత చెప్పకుండా పెట్టిన పరీక్షలో సగటున 61 శాతం మార్కులు వచ్చాయి; ఒక్కో రకం విడివిడిగా చేసినవారికి 38.

అది చదివాక నిరుడు జులై నుంచి నా తొమ్మిదో తరగతిలో పీరియడు మొదటి పది నిమిషాలు నాలుగు లెక్కలు ఇస్తున్నాను. ఒకటి నిన్నటి పాఠంలోది, తక్కినవి పాతవి. పుస్తకం మూసే చేయాలి. తర్వాత నేను బోర్డు మీద చేస్తుంటే ఎవరిది వారే దిద్దుకుంటారు, మార్కులు లేవు. స్థూపం, శంకువు, గోళం కలిసి వచ్చిన మొదటి రోజు నుంచీ పిల్లలు అడిగింది ఒకటే: "సార్, ఇది ఏ అభ్యాసంలోది?" అభ్యాసం సంఖ్య చెబితే సూత్రం చెప్పినట్టే. ఆ ప్రశ్న ఆగడానికి దసరా సెలవులు దాటాయి. నా ఒక్క తరగతి అనుభవాన్ని పరిశోధన అనను; పైగా భాగహారమే రాని పిల్లలకు దీనివల్ల పెద్ద మేలు జరగలేదు, వారికి ముందు భాగహారమే నేర్పాలి.

స్లిప్ టెస్టులు పెడుతూనే ఉన్నాం కదా అని తోటి ఉపాధ్యాయులు అనవచ్చు. పాఠం ముగిసిన మర్నాడే పెట్టి, మార్కులు రిజిస్టరుకెక్కించే స్లిప్ టెస్టు మనకు చూపేది ఆ అయిదు నిమిషాల ఫలితాన్నే. మార్కు ఉంటుందనగానే పిల్లవాడి చూపు పక్కవాడి కాగితం మీదికి పోతుంది, మన చూపు సగటు మీదికి పోతుంది. ఏ లెక్క దగ్గర ఎందుకు ఆగాడన్నది ఇద్దరికీ పట్టదు.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. వారానికి ఒక్క స్లిప్ టెస్టునైనా మార్కుల నమోదు నుంచి మినహాయించి, అందులో పాత పాఠాల ప్రశ్నలు కలపమని మాకు చెప్పండి. చుట్టుపక్కల పాఠశాలల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో స్లైడుల సమయం ఒక గంట తగ్గించి, పిల్లలు చేసిన తప్పులను ఉపాధ్యాయులందరూ కలిసి చూసే ఏర్పాటు చేయండి. వచ్చే సమావేశానికి నా తరగతి నోటు పుస్తకాలు పది, ఎర్ర సిరా పెట్టకుండా, ఉన్నవి ఉన్నట్టుగా తీసుకెళ్తున్నాను.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల