మామా, ముందు ఇనుముకి డబ్బులు పక్కన పెట్టు

మామా,

నీ మెసేజ్ చూసినా, నవ్వుకున్నా. ఇరవై వేలల్లో వాల్వ్ (పాత రేడియోల్లో వెలిగే గాజు ట్యూబు) ఆంప్లిఫయర్ కట్టాలంట, దాంట్లో మళ్ళీ 300బి వాల్వులే ఉండాలంట! మంచి 300బి జత కొన్యావంటే నీ ఇరవై వేలు ఆడికాడికే సరిపోతాయి రా, మిగతా సామాను కర్నూలు కొండారెడ్డి బురుజు కాడ ఎవరన్నా ఊరికే ఇస్తారా? పైగా దానికి ఫిలమెంటే కేథోడ్ (ఎలక్ట్రాన్లు వదిలే భాగం), ఒక్కోదానికి విడిగా 5 వోల్టుల సప్లై కావాల, హమ్ (స్పీకర్లో గుయ్యిమనే సౌండు) పోగొట్టడానికి తంటాలు పడాల, డ్రైవ్ చేయడానికి గట్టి ముందు స్టేజి ఉండాల. మొదటి ఆంప్‌కి ఈ బాధంతా నీకెందుకు చెప్పు.

ఈఎల్84 అనే వాల్వ్ తీసుకో. సన్నగా వేలంత ఉంటాది, తొమ్మిది పిన్నులు, పాత వాల్వ్ రేడియోల్లో ఔట్‌పుట్‌కి పెట్టింది ఎక్కువ ఇలాంటిదే. ఒక చానెల్‌కి ఒకటి, ముందు స్టేజికి ఒక ఈసీసీ83, దాంట్లో రెండు ట్రయోడ్లు, అంటే ఒకే గాజులో రెండు చిన్న వాల్వులు, ఉంటాయి కాబట్టి రెండు చానెళ్ళకీ ఒకటే సరిపోతాది. మొత్తం మూడు వాల్వులు, అంతే. చానెల్‌కి ఐదు వాట్ల చిల్లర వస్తాది. ఐదు వాట్లా అని మొహం అట్ల పెట్టొద్దు, దాని సంగతి కిందికి వచ్చినాక చెప్తా.

ఇప్పుడు డబ్బుల లెక్క. నన్నడిగితే ఇరవైలో తొమ్మిది, తొమ్మిదిన్నర వేలు ట్రాన్స్‌ఫార్మర్లకే పెడతా, నేను ఇనుము అన్నది వీటినే. ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మర్, రెండు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు (వాల్వుకీ స్పీకర్‌కీ మధ్య ఉండేవి), ఒక చోక్ (సప్లైని నునుపు చేసే చుట్ట). వాల్వులకి ఐదున్నర, కెపాసిటర్లు రెసిస్టర్లకి రెండు, డబ్బా, సాకెట్లు, వాల్యూమ్ పాట్, స్పీకర్ టెర్మినళ్ళు కలిపి ఇంకో రెండు, మిగిలింది పక్కన పెట్టు, యాడో ఒకచోట ఖర్చు కాకుండా పోదు. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు, మెరిసే వాల్వులకి పోసి ట్రాన్స్‌ఫార్మర్ కాడికి వచ్చేసరికి చిల్లర ఏరుకుంటారు. వాల్వ్ బాగలేకపోతే పీకి ఇంకోటి పెట్టొచ్చు, రెండు నిమిషాల పని. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ బాగలేకపోతే ఏ వాల్వ్ పెట్టినా బేస్ రాదు, ట్రెబుల్ రాదు.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అంటే వాల్వ్ వైపు 5 కిలో ఓమ్స్ నుంచి స్పీకర్ వైపు 8 ఓమ్స్‌కి అడుగు, అంటే చుట్ల నిష్పత్తి 25కి 1. బెంగళూరు ఎస్పీ రోడ్డు వైపు అడిగితే చుట్టేవాళ్ళు దొరుకుతారు, ఇక్కడ అనంతపురంలో కూడా స్టెబిలైజర్లు చుట్టే ఆయన ఒకాయన ఉన్నాడు, చెయ్యి చాలా నీటు. కానీ ఎవరి దగ్గర చుట్టించినా పక్కనే నిలబడి ఒక మాట చెప్పాల. మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌కి స్టాంపింగులు, అంటే ఇంగ్లీష్ E, I అక్షరాల్లాంటి ఇనుప రేకులు, ఒక E ఇటు, ఒక E అటు మార్చి మార్చి దూరుస్తారు, వాళ్ళకి అదే చెయ్యి అలవాటు. మన దానికి E ముక్కలన్నీ ఒకే వైపు, I ముక్కలన్నీ ఇంకో వైపు, రెండిటి మధ్య సన్న పేపర్ పెట్టి బిగించాల. ఎందుకంటే సింగిల్ ఎండెడ్‌లో (చానెల్‌కి ఒకే ఔట్‌పుట్ వాల్వ్ ఉండే మన పద్ధతిలో) వాల్వ్ తాగే యాభై మిల్లీ ఆంపుల డీసీ అంతా ఆ చుట్ట గుండానే పోతాది, గ్యాప్ లేకపోతే ఇనుము సాచురేట్ అయి తబలా డగ్గా సౌండు గాలికి పోతాది. ఇంకోటి, ప్రైమరీ (వాల్వ్ వైపు చుట్ట) మొత్తం కింద, సెకండరీ (స్పీకర్ వైపు చుట్ట) మొత్తం పైన చుట్టనీయొద్దు, పొరలు పొరలుగా కలిపి చుట్టమను, ట్రెబుల్ దానివల్లే నిలబడేది. ఆయన గొణుగుతాడు, గొణగనీ, ఒక టీ ఎక్కువ తాగించు.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్ లెక్క సులభమే. ఈఎల్84 హీటర్ (లోపల కేథోడ్‌ని వేడి చేసే తీగ) 6.3 వోల్టుల దగ్గర 0.76 ఆంపులు, రెండిటికి 1.52, ఈసీసీ83కి 0.3, మొత్తం 1.82. నువ్వు 3 ఆంపులకి చెప్పు, చల్లగా ఉంటాది. హైటెన్షన్ (వాల్వులకి పోయే పెద్ద వోల్టేజీ) వైపు 200-0-200, కరెంట్ మనం తాగేది 110 మిల్లీ ఆంపుల దాకా వస్తాది కానీ 200కి చెప్పు, డయోడ్ కెపాసిటర్ పెట్టినాక ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే భారం డీసీ లెక్క కంటే ఎక్కువే. ముఖ్యంగా ఇంటి కరెంటు వచ్చే ప్రైమరీకి 220, 230, 240, 250 అని ట్యాపులు (చుట్ట మధ్యలోనుంచి బయటికి తీసే వైర్లు) తీయించు. మా వీధిలో సాయంత్రం అందరూ మోటర్లు వేసినప్పుడు కరెంటు మినుకుమినుకుమంటాది, అర్ధరాత్రి చూస్తే మీటర్ 245 దాటి పోతాది, మీ దగ్గర మాత్రం వేరేగా ఉంటాదా.

దీనికీ వాల్వ్ ఆయుష్షుకీ సంబంధం ఉంది చూడు. ఈఎల్84 డేటాషీట్‌లో 250 వోల్టులు, 48 మిల్లీ ఆంపులు, కేథోడ్‌కి 135 ఓమ్స్ రెసిస్టర్ అని ఉంటాది. గుణిస్తే 12 వాట్లు, సరిగ్గా ఆ ప్లేట్ (వాల్వ్ లోపల ఎలక్ట్రాన్లు వచ్చి పడే రేకు) మోయగలిగే గరిష్ఠం అంతే. అదే 135 పెట్టి రాత్రిపూట వోల్టేజీ ఎక్కిందంటే లిమిట్ దాటిపోతాది. అందుకే 150, 180 మధ్యలో పెట్టు, సౌండు అర వాటు తగ్గితే నీకేం తెలీదు, వాల్వ్ మాత్రం చాలా రోజులు బతుకుతాది. రెసిస్టర్ 2 వాట్లది తీసుకో, నాలుగు రూపాయల తేడా.

వాల్వులు కొత్తవి కావాలంటే జేజే స్లొవేకియాలో చేస్తారు, సోవ్‌టెక్, ఎలక్ట్రో హార్మొనిక్స్ రష్యావి, ఏదైనా పర్లేదు. పాత స్టాకు కావాలంటే రష్యన్ 6పి14పి మన ఈఎల్84 లాంటిదే, అవే పిన్నులు. బెంగళూరు బీఈఎల్ కూడా ఒకప్పుడు రేడియో వాల్వులు చేసేది, పాతసామాన్ల అంగట్లో ఇప్పటికీ కనపడతాయి. కొనేముందు గాజు పైకొన లోపల చూడు, వెండి పూతలాగ మెరుస్తుండాల. అది పాలలాగ తెల్లగా మారిందంటే లోపలికి గాలి పోయినట్టే, వాడు యాభై రూపాయలకి ఇస్తానన్నా తీసుకోవద్దు.

కెపాసిటర్లు మాత్రం ఒక్కటి కూడా పాతది వద్దు. సప్లైకి 450 వోల్టులవి, 105 డిగ్రీలు అని రాసి ఉన్నవే. మన ఎండాకాలంలో గదే నలభై దాటుతాది, డబ్బా లోపల వాల్వుల పక్కన ఎంతుంటాదో నువ్వే అనుకో, 85 డిగ్రీలవి అక్కడ ఉడికిపోతాయి. కప్లింగ్‌కి (ముందు స్టేజి నుంచి ఔట్‌పుట్ వాల్వుకి డీసీ ఆపి పాట మాత్రం దాటించేది) 0.1 మైక్రో ఫ్యారడ్, 630 వోల్టుల పాలీప్రొపైలిన్ చాలు. వేలు పెట్టి వెండి, నూనె అని అమ్మేవి ఉంటాయి, నాకైతే ఆ తేడా వినపడదు, వినపడుతుందనే వాళ్ళతో నేను కొట్లాడను. కానీ అది లీక్ కాకుండా ఉండాల, లీకైతే గ్రిడ్ (వాల్వ్‌లోకి పాట సిగ్నల్ పోయే జాలీ) మీదికి డీసీ పోయి వాల్వ్ ప్లేట్ ఎర్రగా కాలుతాది.

డబ్బా మన ట్రంకు పెట్టెలు చేసే షాపులో అల్యూమినియం రేకుతో చేయించు, అందంగా లేకపోయినా గట్టిగా ఉంటాది. సాకెట్లు చేతిలోకి వచ్చేదాకా రంధ్రాలు కొట్టించొద్దు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక మూల, ఔట్‌పుట్‌వి ఇంకో వైపు, దానికి అడ్డంగా తిప్పి పెట్టు, లేకపోతే హమ్ వస్తాది. హీటర్ వైర్లు మెలేసి మూలకి ఆనించి తీసుకుపో.

ఇంకో మాట, దీన్ని ట్రాన్సిస్టర్ కిట్ అనుకోవద్దు. లోపల మూడొందల వోల్టుల డీసీ ఉంటాది, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో నిలబడే ఉంటాది. బ్లీడర్ కింద, అంటే ఆ కెపాసిటర్లని ఖాళీ చేసే రెసిస్టర్‌గా, 220 కిలో ఓమ్స్, 2 వాట్లది తప్పకుండా పెట్టు, పెట్టినాక కూడా మూడు నిమిషాలు ఆగి మీటర్‌తో చూసినాకే చెయ్యి పెట్టు. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ డబ్బాకి బోల్టుతో, ఫ్యూజు. ఇంట్లో పిల్లలున్నారు కదా, కింద మూత లేకుండా ఆన్ చేసినావని తెలిస్తే వచ్చి తంతా.

ఇప్పుడు ఐదు వాట్ల సంగతి. అది సరిపోతాదా లేదా అనేది నీ స్పీకర్ చెప్పాల, అంటే ఒక వాట్‌కి అది ఎంత సౌండు ఇస్తాదో చెప్పే డీబీ అంకె. 84 డీబీ స్పీకర్‌కి, 90 డీబీ స్పీకర్ ఇచ్చేంత సౌండు రావాలంటే నాలుగింతల పవర్ కావాల. నీ దగ్గరుండే ఆ చిన్న పెట్టెలు ఎంతవో నాకు డౌటే. 90 పైనుంటే హాల్లో పాత పాటలు వినడానికి ఐదు వాట్లు దండిగా చాలు, పక్కింటోళ్ళు తలుపు కొట్టేంత కూడా వస్తాది. తక్కువైతే ముందు స్పీకర్లకి డబ్బులు చూసుకోవాల, అప్పుడు ఈ లెక్కంతా మళ్ళీ వేద్దాం.

అందుకే దేనికీ అడ్వాన్సు ఇవ్వకుండా ముందు ఆ స్పీకర్ వెనకాల స్టిక్కర్ ఫోటో తీసి పంపు, డీబీ, ఓమ్స్ రెండూ కనపడేట్టు. వచ్చే ఆదివారం ఆ చుట్టే ఆయన దగ్గరికి పోతాండా, ఆ లోపల పంపినావంటే ఔట్‌పుట్‌కి 4 ఓమ్స్ ట్యాప్ కావాలా వద్దా అక్కడే తేల్చేస్తా.

మీ అమ్మని అడిగినానని చెప్పు.

నీ మామ
అనంతపురం