బ్రేకు పడేలోపే

సంపాదకులు గారికి,

నగర రోడ్ల మీద వేగ పరిమితిని గంటకు 30 కిలోమీటర్లకు తగ్గించాలన్న మాట వచ్చినప్పుడల్లా, జాగ్రత్తగా నడిపేవాళ్లకు ఈ శిక్ష ఎందుకని కొందరు అడుగుతారు. నేను డ్రైవింగ్ నేర్పుతాను. పక్క సీట్లో నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, రోజంతా దాని మీద కాలు ఆనించే కూర్చుంటాను. అందుకే ఈ పరిమితి జాగ్రత్తపరుల కోసమే ముఖ్యంగా కావాలంటాను.

ఒక పిల్లాడు రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చాడనుకోండి. కన్ను చూసి, బుర్రకు తట్టి, కాలు బ్రేకు మీద పడేసరికి ఎంత చురుకైనవాడికైనా సుమారు ఒక సెకను పడుతుంది. 30లో పోయే కారు ఆ సెకనులో 8 మీటర్లు దాటుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 5 మీటర్లలో నిలబడిపోతుంది. అదే 50లో పోయే కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వెళ్లిపోతుంది. అంటే మొదటి కారు ఆగిన చోటికి వచ్చేసరికి రెండో కారుకు ఇంకా బ్రేకే పడలేదు. పిల్లాడు అక్కడుంటే దెబ్బ పూర్తి 50 వేగంతోనే తగులుతుంది. ఆ దెబ్బలోని శక్తి 30లో ఉండేదానికి రెండున్నర రెట్లు పైనే. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా, కొత్త టైర్లున్నా ఆ సెకను తగ్గదు. ఫోన్ చూస్తూ నడిపేవాళ్ల సంగతి నేను లెక్కలోకే తీసుకోలేదు!

ఆలస్యం అంటారా? ఎక్కడా ఆగకుండా పోతే 5 కిలోమీటర్లకు తేడా 4 నిమిషాలు. ఊళ్లో ఆగకుండా పోయేదెవరు? మమ్మల్ని విసుక్కుంటూ ఓవర్‌టేక్ చేసినవాళ్లు తర్వాతి సిగ్నల్ దగ్గర మా పక్కనే కనిపిస్తుంటారు.

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం ప్రధాన రోడ్లు మినహా అంతటా 30 పరిమితిని 1992లోనే పెట్టింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ 2019లో నగర కేంద్రంలోనూ, చాలా నివాస వీధుల్లోనూ 30కి తగ్గించింది. ఆ ఏడు అక్కడ రోడ్డు ప్రమాదాల్లో ఒక్క పాదచారీ చనిపోలేదు. నాకు మాత్రం స్పెయిన్ పద్ధతి నచ్చింది. ఒక్కో దిశకు ఒకే వరుస (లేన్) ఉన్న నగర రోడ్లకు 2021 నుంచి 30, అంతకంటే వెడల్పైన వాటికి 50. డ్రైవరుకు రోడ్డు చూడగానే అర్థమైపోతుంది, బోర్డు కోసం వెతుక్కోనక్కర్లేదు.

అలాగని నంబరు మార్చి చేతులు దులుపుకుంటే లాభం లేదు. తిన్నగా, విశాలంగా ఉన్న రోడ్డు మీద కాలు తెలియకుండానే యాక్సిలరేటర్ నొక్కేస్తుంది. మలుపుల దగ్గర రోడ్డును సన్నం చేయాలి, జనం దాటేచోట ఎత్తు చేయాలి, కెమెరాలు పెట్టాలి. ముందుగా బడులు, ఆసుపత్రులు ఉన్న వీధుల్లో ఈ పని మొదలుపెట్టమని అధికారులను కోరుతున్నాను. ఏ వీధిలో ఏ మార్పు చేయడం వీలవుతుందో మీ పత్రికలో ట్రాఫిక్ ఇంజనీర్ల చేత రాయించగలరు.

ఇట్లు,
ఒక డ్రైవింగ్ శిక్షకుడు