మీ యాప్‌లోని ‘సరసమైన ధర’, ‘శాకాహారం’ అన్న రెండు మాటల గురించి ఫిర్యాదు

సెంగ్‌కాంగ్, సింగపూర్
18 జూన్ 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,
రెస్టారెంట్ బుకింగ్ విభాగం

విషయం: జూన్ 14 శనివారం రాత్రి మీ యాప్ ద్వారా చేసుకున్న డిన్నర్ బుకింగ్, అందులో చూపిన ధర, శాకాహార గుర్తు

మేనేజర్ గారూ, నమస్కారం.

మీ యాప్‌ను మా ఇంట్లో తెలుగులోనే వాడతాం. నా ఫిర్యాదు కూడా అందులో రాసి ఉన్న రెండు తెలుగు మాటల గురించే. అందుకే ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. హైదరాబాద్‌లోని మీ సపోర్ట్ సెంటర్ నుంచి మాట్లాడిన అబ్బాయి కూడా తెలుగులోనే రాసి పంపండి, పైవాళ్లకు అందజేస్తాను అన్నాడు.

మా అమ్మానాన్నలది తెనాలి. జూన్ 5న మా దగ్గరికి వచ్చారు, జూలై 2న తిరిగి వెళ్తారు. జూన్ 14 వాళ్ల నలభయ్యో పెళ్లిరోజు. ఆ రోజుకు ఏం కావాలమ్మా అని అడిగితే అమ్మ చీర అనలేదు, నగ అనలేదు. ఇటలీలో కట్టెల పొయ్యిలో పిజ్జా కాల్చడం టీవీలో చూసిందట. “మన పొయ్యి లాంటిదేగా, అందులో రొట్టె ఎట్లా పొంగుతుందో దగ్గర నుంచి చూడాలని ఉంది” అంది. కాపురానికి వచ్చాక ఇంట్లోకి గ్యాస్ వచ్చేదాకా కట్టెల పొయ్యి మీదే వండిన మనిషి. మా దగ్గర నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. మేము ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నా ఇంటద్దె, బాబు చదువు పోగా చేతిలో మిగిలేది లెక్కగానే ఉంటుంది. ఐదుగురికి నూట ముప్పై, మహా అయితే నూట నలభై డాలర్లు అనుకున్నాం.

సింగపూర్‌లో యూరప్ వంటలన్నీ ఖరీదైనవి కావు. హాకర్ సెంటర్‌కు, అంటే చవకైన తిండి స్టాళ్లన్నీ ఒకచోట ఉండే చోటికి వెళ్తే వెస్టర్న్ ఫుడ్ స్టాల్ ఉంటుంది. చికెన్ చాప్, ఫిష్ అండ్ చిప్స్ లాంటివి. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ల ఇళ్లలో వంట చేసిన హైనాన్ చైనీయుల చేతి నుంచి వచ్చిన వంట అది. బోర్డు మీద ఎంత రాసి ఉంటే అంతే ఇచ్చి తింటాం. రెస్టారెంట్లలో కూడా మధ్యాహ్నం పూట ఆఫీసు వాళ్ల కోసం సెట్ లంచ్‌లు పెడతారు. కట్టెల పొయ్యి ఉండాలి, రాత్రి పూట కావాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు స్థిమితంగా కూర్చోవాలి అంటేనే వెతుకులాట మొదలవుతుంది. మీ యాప్ అవసరం పడింది అక్కడే.

వెతికింది మేము కాదు, మా నాన్నగారు. ఈ ఉత్తరంలో మీరు ముఖ్యంగా గమనించాల్సింది ఇదే. ఆయన కోఆపరేటివ్ బ్యాంకులో అకౌంటెంట్‌గా చేసి రిటైరయ్యారు. ఇంగ్లిష్ వచ్చు గానీ ఫోన్‌లో చిన్న అక్షరాలు చదవడం కష్టం. యాప్‌ను తెలుగులోకి మార్చి ఆయన చేతిలో పెట్టాను. మేము ఆఫీసులకు వెళ్లిపోతే ఆయన మూడు రోజులు సోఫాలో కూర్చుని ఒక్కొక్కటే చదివారు. పాత క్యాలెండర్ కాగితం వెనక నాలుగు పేర్లు రాసుకున్నారు. పక్కన ధర, స్టేషన్ నుంచి ఎంత నడవాలో, శాకాహారం ఉందో లేదో. మూడింటిని కొట్టేసి ఒకదాని చుట్టూ సున్నా చుట్టారు. టాంజోంగ్ పగర్ దగ్గర పాత షాప్‌హౌస్‌ల వీధిలో ఉన్న ఇటాలియన్ రెస్టారెంట్. మీ యాప్‌లో దానికి ‘సరసమైన ధర’ అన్న ముద్ర ఉంది. దాని కింద ‘ఒక్కొక్కరికి సుమారు 25 డాలర్లు’ అని ఉంది. ఆకుపచ్చ ఆకు గుర్తు పక్కన ‘శాకాహారం’ అని ఉంది. ‘ఆహారంపై 30 శాతం తగ్గింపు’ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. స్క్రీన్‌షాట్లన్నీ జత చేశాను, చూడండి.

“అయిదిరవై అయిదులు నూట పాతిక, తగ్గింపు వస్తే ఇంకా తక్కువే. మీకు భారం కాదులే అమ్మా” అన్నారు నాన్నగారు. ఆ మాట నమ్మే బుక్ చేశాను.

శనివారం సాయంత్రం సెంగ్‌కాంగ్ నుంచి అవుట్‌రమ్ పార్క్ దాకా రైలులో వెళ్లాం. లిటిల్ ఇండియా స్టేషన్ వచ్చినప్పుడు “ఇక్కడ దిగిపోతే ఇడ్లీతో అయిపోయేది” అని నాన్నగారు అంటే, అమ్మ “ఇవాళ నా మాటే నెగ్గాలి” అంది. అంత సంతోషంగా బయలుదేరాం.

రెస్టారెంట్ మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. కట్టెల పొయ్యి నిజంగానే ఉంది. అమ్మను దాని దగ్గరికి రానిచ్చారు. పిండి అంచులు ఉబ్బి అక్కడక్కడా మచ్చలు పడటం చూసి, మా ఇంట్లో నిప్పుల మీద పుల్కా పొంగినట్టే ఉందని మురిసిపోయింది. ఆర్డర్ తీసుకున్న అమ్మాయి ఎంతో ఓపికగా మాట్లాడింది. తన దగ్గర ఉన్న సమాచారం దాచలేదు. దాచింది మీ యాప్.

ముందు శాకాహారం సంగతి చెబుతాను. డబ్బు కంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నాన్నగారు ఇంట్లోనే అనుకుని వచ్చిన వంటకం పుట్టగొడుగుల రిసోట్టో, ఇటలీ వాళ్లు బియ్యంతో చేసేది. మీ యాప్‌లోని మెనూలో దాని పక్కన ఆకు గుర్తు ఉంది. అలవాటు కొద్దీ నేను ఒకసారి అడిగాను. ఆ అమ్మాయి వంటగదిలోకి వెళ్లి వచ్చి, బియ్యం ఉడికించేది కోడి ఎముకల స్టాక్‌లో అని చెప్పింది. నేను అడక్కపోతే మా నాన్నగారు తన పెళ్లిరోజున కోడి రసంలో ఉడికిన అన్నం తినేవారు. తిన్న సంగతి కూడా ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

అక్కడితో అయిపోలేదు. పాస్తా మీద, పిజ్జా మీద తురిమి చల్లే పార్మేజాన్ చీజ్ సంగతి ఉంది. అసలైన పార్మిజానో రెజానో చీజ్‌ను దూడ కడుపు నుంచి తీసే రెనెట్‌తో పాలు విరగ్గొట్టి చేస్తారు. అది దాని నియమం, వేరేలా చేస్తే ఆ పేరు పెట్టకూడదు. స్వీట్లు చూస్తే, పానా కోటాలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. టిరమిసులో గుడ్డు ఉంటుంది. వీటన్నిటికీ మీ యాప్‌లో అదే ఆకు గుర్తు. యూరప్ వాళ్లలో చాలామందికి మాంసం ముక్క లేకపోతే శాకాహారం కింద లెక్క కావచ్చు. తెలుగులో ‘శాకాహారం’ అని రాశాక దాన్ని చదివేది మా అమ్మానాన్నల లాంటి వాళ్లు. ఆ మాటకు వాళ్ల ఇంట్లో ఉన్న అర్థమే వాళ్లు తీసుకుంటారు. మన దేశంలో బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా ఆకుపచ్చ చుక్క చూసి కొనే అలవాటు వాళ్లది. మీ ఆకుపచ్చ ఆకును కూడా అంతే నమ్మారు.

చివరికి ఆ అమ్మాయి మోజరెల్లా ప్యాకెట్ బయటికి తెచ్చి మా ముందు పెట్టింది. వెనక సన్న అక్షరాల్లో మైక్రోబియల్ రెనెట్ అని ఉంది, అంటే జంతువు నుంచి తీసింది కాదు. అప్పుడు అమ్మకు పార్మేజాన్ లేకుండా మార్గరీటా పిజ్జా చెప్పాం. నాన్నగారికి గుడ్డు కలవని ఎండు పాస్తాతో, చీజ్ లేకుండా ఆల్యో ఓల్యో చేయించాం. వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆలివ్ నూనె, అంతే. “బాగుందమ్మా, మన వెల్లుల్లి కారమే” అని తిన్నారు. కానీ ఆ ఇరవై నిమిషాలూ టేబుల్ దగ్గర అందరికీ టెన్షనే. పెళ్లిరోజు భోజనానికి వచ్చి ప్యాకెట్ల వెనక చదువుకుంటూ కూర్చున్నాం.

ఇక బిల్లు. మొత్తం 219 డాలర్ల 66 సెంట్లు. మా ఆయన కార్డు ఇచ్చేలోపే నాన్నగారు బిల్లు అందుకున్నారు. కళ్లజోడు సర్దుకుని, బిల్లు వెనకే పెన్నుతో లెక్క వేశారు. ముందు అరవై అయిదుతో హెచ్చవేసి రూపాయల్లోకి మార్చారు. పద్నాలుగు వేల రెండు వందల పైచిలుకు. ఆయన ముఖంలో రంగు మారిపోయింది. ఆ తర్వాత ఒక్కొక్క వరుసా చదివారు.

వంటకాలు ఐదు కలిపి 120 డాలర్లు. అడక్కుండానే టేబుల్ మీదికి వచ్చిన బ్రెడ్ బుట్టకు 8. మంచినీళ్ల సీసాలు రెండు, 18. పెద్దవాళ్లం నలుగురం తీసుకున్న జ్యూసులకు 48. తగ్గింపు 10 డాలర్ల 80 సెంట్లు. మీ ‘ఆహారంపై 30 శాతం’ పిజ్జాకు వర్తించదట, పాస్తాకు వర్తించదట, స్టార్టర్లకు వర్తించదట. మా ఆయన తిన్న 36 డాలర్ల చికెన్‌కు మాత్రమే వర్తించింది. ఆ తగ్గింపైనా రావాలంటే పెద్దవాళ్లు ఒక్కొక్కరూ ఒక డ్రింక్ తప్పనిసరిగా తీసుకోవాలట. 10 డాలర్ల 80 సెంట్లు మిగుల్చుకోవడానికి 48 డాలర్ల జ్యూసులు కొన్నాం. మెనూలో ఎంత తగ్గుతుందో తెలియక, 30 శాతం మొత్తం మీద వస్తుందనుకుని ఒప్పుకున్నాం.

మిగిలిన 183 డాలర్ల 20 సెంట్ల మీద పది శాతం సర్వీస్ చార్జి, ఆ రెండూ కలిపిన మొత్తం మీద తొమ్మిది శాతం జీఎస్‌టీ. నాన్నగారు అకౌంటెంటు కదా, వెంటనే పట్టుకున్నారు. “పదీ తొమ్మిదీ పందొమ్మిది కాదమ్మా. సర్వీస్ మీద కూడా పన్ను వేశారు. నూటికి పందొమ్మిది తొంభై” అన్నారు.

ఇక్కడ ఉంటున్న మాకు మెనూ అడుగున ఉండే రెండు ప్లస్ గుర్తుల సంగతి తెలుసు, సర్వీస్ చార్జి, పన్ను అదనం అని వాటి అర్థం. జీఎస్‌టీ 2024 జనవరి 1 నుంచి తొమ్మిది శాతం అయిందనీ తెలుసు. మామూలు దుకాణాలు పన్ను కలిపిన ధరే చూపించాలి. సర్వీస్ చార్జి వేసే రెస్టారెంట్లకు మాత్రం, ఆ సంగతి స్పష్టంగా రాసిపెడితే, కలపకుండా చూపించే వీలు ఉంది. ఆ రెస్టారెంట్ మెనూలో రాసిపెట్టారు కూడా. మీ యాప్‌లో ‘25 డాలర్లు’ పక్కన ఒక్క ప్లస్ గుర్తు కూడా లేదు. ఇండియా నుంచి మొదటిసారి వచ్చిన మనిషికి నూటికి ఇంకో ఇరవై కలుపుకోవాలని ఎలా తెలుస్తుంది?

సోమవారం మీ సపోర్ట్‌కు ఫోన్ చేశాను. ఆ అబ్బాయి మర్యాదగా మాట్లాడాడు. 25 డాలర్లు అనేది ఒక మనిషి భోజనానికి అయ్యే ఖర్చు కాదట, ఒక మెయిన్ కోర్సు సగటు ధరట. ఇంగ్లిష్ యాప్‌లో అలాగే ఉందట. తెలుగులోకి మార్చినప్పుడు ‘ఒక్కొక్కరికి’ అని పడిందట. మరి ఆఫర్ షరతులు ఎక్కడున్నాయి అని అడిగాను. బుకింగ్ కన్ఫర్మేషన్ ఈమెయిల్ అడుగున ఒక లింకు, దాన్ని నొక్కితే ఇంకో లింకు, అక్కడ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. పిలవడానికి తెలుగు, షరతులకు ఇంగ్లిష్. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం.

మంగళవారం మీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అన్న ఒక్క వాక్యం, ఐదు డాలర్ల వోచరు. వంద డాలర్లు ఖర్చు పెడితేనే అది చెల్లుతుంది. దాన్ని నేను తీసుకోవడం లేదు.

నేను అడిగేది న్యాయంగానే అడుగుతున్నాను. మేము తిన్న తిండికి డబ్బులు వెనక్కి అడగను. అది బాగుంది, వాళ్ల కష్టానికి తగినదే తీసుకున్నారు. మీ ఆఫర్ మాట నమ్మి కొన్న జ్యూసులకు సర్వీస్ చార్జి, పన్నుతో కలిపి 57 డాలర్ల 55 సెంట్లు అయింది. మాకు వచ్చిన తగ్గింపు, దాని వల్ల తగ్గిన సర్వీస్ చార్జి, పన్నుతో కలిపి, 12 డాలర్ల 95 సెంట్లు. అది తీసేసి మిగిలిన 44 డాలర్ల 60 సెంట్లు మా ఆయన కార్డుకు తిరిగి వేయండి. ఈ లెక్క నాన్నగారు వేసిందే, రెండుసార్లు సరిచూశారు.

ఆ రెస్టారెంట్ పేజీలో ఆకు గుర్తును వెంటనే తీసేయండి. దీనికి నా రిఫండ్‌తో సంబంధం లేదు, ఇది ఆగకూడదు. ఈ వారం కూడా ఎవరో ఒకరి తల్లిదండ్రులు ఆ రిసోట్టో ఆర్డర్ చేస్తుంటారు. స్టాక్ దేనితో చేస్తారు, చీజ్‌లో ఏ రెనెట్ వాడతారు, గుడ్డు ఉందా అని రెస్టారెంట్లను అడిగి, వాళ్లు రాసిచ్చాకే తెలుగులో ‘శాకాహారం’ అని పెట్టండి. అడగడం కుదరకపోతే ‘మాంసం ముక్కలు లేనివి’ అని పెట్టండి, మేమే అడిగి తెలుసుకుంటాం. ధర దగ్గర చేతికి వచ్చే బిల్లు ఎంతో చూపించండి, సర్వీస్ చార్జి, పన్ను కలిపి. ఇక్కడ చాలా చోట్ల ‘నెట్’ అని రాసి అలా చూపిస్తూనే ఉన్నారు, మీకు కష్టం కాదు. ఆఫర్ దేనికి వర్తించదో ఆఫర్ పక్కనే, అదే భాషలో, అదే సైజు అక్షరాల్లో రాయండి.

సింగపూర్ పోటీ, వినియోగదారుల కమిషన్ ధరల పారదర్శకత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అవి 2020 నవంబర్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ముందు తక్కువ ధర చూపి ఆ తర్వాత ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోవడం గురించి, తగ్గింపుల గురించి అందులో ఉంది. మీ లీగల్ వాళ్లను ఒకసారి చదవమనండి. జూన్ 27 లోపు మీ నుంచి సరైన జవాబు రాకపోతే ఈ కాగితాలన్నీ తీసుకుని సింగపూర్ వినియోగదారుల సంఘం దగ్గరికి వెళ్తాను.

ఇంకొకటి అడగాలి. ఆ రాత్రి రైలులో తిరిగి వస్తూ నాన్నగారు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక క్యాలెండర్ కాగితం తీసి మళ్లీ చూసుకున్నారు. “నేనే సరిగ్గా చదవలేదేమో అమ్మా, మీకు అనవసరంగా ఖర్చు పెట్టించాను” అన్నారు. నలభై ఏళ్లు ఇతరుల డబ్బు లెక్కలు పైసా తేడా రాకుండా చూసిన మనిషి. నేను ఎంత చెప్పినా, నన్ను ఓదార్చడానికి అంటున్నావులే అంటున్నారు. నాలుగు రోజులుగా ఆ యాప్ ముట్టుకోలేదు.

కాబట్టి మీ జవాబు ఇంగ్లిష్‌లో నాకు కాకుండా, తెలుగులో ఆయన పేరు మీద రాయండి. బుకింగ్‌లో ఆయన పేరు ఉంది. యాప్‌లో ‘ఒక్కొక్కరికి’ అని తప్పుగా పడిందనీ, ఆయన సరిగ్గానే చదివారనీ అందులో ఉండాలి. జూలై 2న వాళ్లు విమానం ఎక్కేలోపు అది వస్తే, నేనే ప్రింట్ తీసి ఆయన చేతికి ఇస్తాను.

ఇట్లు,
మీ ఖాతాదారు

జతపరచినవి: యాప్ స్క్రీన్‌షాట్లు, బిల్లు రెండు వైపులా ఫోటోలు, నాన్నగారి క్యాలెండర్ కాగితం ఫోటో